ఏలినవారి నోటిమాట

మన పూర్వులు దండనీతిని రచించునపుడు చేతితో చేసిన నేరములనేగాక నోటితో చేసిన నేరములనుగూడ వేరుగా లెక్కించిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ అధికరణమందు వాక్పారుష్యమను ప్రకరణ మొకటి గలదు. ఒకని శరీరమునుగాని, స్వభావమునుగాని, చదువునుగాని, వృత్తినిగాని, పుట్టిన జనపదమునుగాని యెత్తిచూపి నిందించుట దండనకు దగిన నేరమని యచ్చట చెప్పబడినది. ఒంటికంటివానిని, కుంటివానిని ఆ పేరుతో బిలిచి నిందించినచో, మాట నిజమైనను మూడు పణముల దండము. అబద్ధమైనచో ఆరు పణములు. ఒంటికంటివానిని జూచి “ఆహా, యెంత చక్కని కన్నులు!” అని వెక్కిరింపుగా పొగడినచో పండ్రెండు పణములు. అనగా “ఉన్నమాటయే గదా అంటిని” అను సమాధానము ఆ ధర్మాసనము ముందు చెల్లదన్నమాట. మాటలోని నిజమునకంటె మాటలోని గాయమునే ఆ శాస్త్రకారుడు ముందుగా తూచెను.

ఈ గ్రంథము చాలకాలము మరుగున బడియుండి, మైసూరున శామశాస్త్రిగారి కృషివలన 1909లో అచ్చుపడి మరల లోకమునకు దక్కినది. ఇందు సామాన్యుడు నోరు జారినచో దండమెంతయో లెక్క గలదు. నిరపరాధిని దండించిన రాజునకుగూడ ముప్పదిరెట్లు దండము విధించి, ఆ సొమ్మును వరుణుని పేర నీటిలో విడువవలెనని వేరొకచోట చెప్పబడినది. కాని రాజే వాక్పారుష్యమునకు దిగినచో, దేశమునేలు నధికారియే ఒక జాతినంతను ఒక్కమాటతో తీసివేసినచో, దండమెంత? దానిని వసూలు చేయువాడెవడు? ఈ ప్రశ్నకు శాస్త్రమున జవాబు వెదకుటకంటె చరిత్రలో వెదకుట మేలు. నేటి ప్రసంగమున అట్టి రెండు మాటలనుగూర్చి విన్నవించెదను. ఒకటి 1888లో ఎడింబరో నగరమున ఇంగ్లండు ప్రధానమంత్రి పలికినది. రెండవది 1905లో కలకత్తాలో భారతదేశపు రాజప్రతినిధి పలికినది. ఆ రెండవ మాటనాటి వేడి మన గోదావరీతీరమునకుగూడ ఎట్లు తగిలినదో తుదిని మనవి చేసెదను.

మొదటి కథకు నాయకుడు దాదాభాయి నౌరోజీగారు. ఆయన 1825లో జన్మించిన పార్సీ. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో గణితశాస్త్రమునకు ఆచార్యుడై, అట్టి పదవి నందిన తొలి భారతీయుడని పేరొందెను. 1855లో వర్తకనిమిత్తము ఇంగ్లండునకు బోయెను. 1874లో బరోడా సంస్థానమునకు దివానుగా పనిచేసెను. భారతదేశపు ధనము ఏటేట ఏయే కాలువలగుండ పరదేశమునకు పారిపోవుచున్నదో లెక్కలు గట్టి చూపుటయే ఆయన జీవితకార్యము. ఆ లెక్కలను కలకత్తాలోను బొంబాయిలోను చెప్పిన జాలదనియు, శాసనములు పుట్టు చోటనే చెప్పవలెననియు నిశ్చయించుకొని, 1886లో లండనులోని హోల్బరన్ నియోజకవర్గమునుండి లిబరలు కక్ష పక్షమున పార్లమెంటునకు నిలిచెను. అది కన్సర్వేటివు కక్షకు బలమైన చోటు. కర్నలు డంకన్ అను నాతనికి 3,651 వోట్లును, దాదాభాయికి 1,950 వోట్లును వచ్చెను. ఓటమి కలిగెను. కాని పరాయిదేశమున, పలుకుటకే నోరు తిరుగని పేరు గల యొక విదేశీయునికి ఇంచుమించు రెండువేలమంది వోటు చేసిరనుట చిన్న సంగతి కాదు.

రెండేండ్లు గడచెను. 1888లో డంకన్ మరణింపగా హోల్బరనులో ఉపయెన్నిక వచ్చెను. కన్సర్వేటివు కక్షవారే మరల గెలిచిరిగాని వారి ఆధిక్యము మునుపటికంటె బాగుగ తగ్గెను. తమ బలము తగ్గుచున్నదని లోకులనుకొందురేమోయని సాలిస్‌బరీ ప్రభువునకు శంక కలిగెను. ఆయన అప్పుడు ప్రధానమంత్రి. అంతకుముందు రెండు పర్యాయములు ఇండియామంత్రిగా నుండి, కోట్లకొలది భారతీయుల మంచిచెడ్డలను లండనులోని తన కచేరీనుండి నిర్ణయించినవాడు. ఆ నవంబరు నెలాఖరున ఎడింబరోలో జరిగిన సభలో ఆయన ఈ సంగతికి సమాధానము చెప్పెను. దాని భావమిది: 1886లో మా ఆధిక్యము అంత పెద్దదగుటకు కారణమున్నది, అప్పుడు డంకనునకు ఎదురు నిలిచినవాడు ఒక నల్లవాడు, మానవులెంత అభివృద్ధి జెందినను, దురభిప్రాయముల నెంత జయించినను, ఒక ఇంగ్లీషు నియోజకవర్గము నల్లవాని నెన్నుకొను దశకు మనమింకను వచ్చితిమని నేననుకొనను.

ఈ మాటలను కొంచెము నిదానించి చూడవలెను. ఇందు తిట్టు లేదు, కోపము లేదు. వక్త వోట్ల లెక్క చెప్పుచున్నాననియే తలచెను. దోషమంతయు అచ్చటనే యున్నది. దాదాభాయి ఆచార్యత్వము, దివానుగిరి, చిరకాలపు ఇంగ్లండు నివాసము, గ్రంథరచన, ఇవియన్నియు ప్రధానమంత్రి తక్కెడలో తూగలేదు. చర్మపు రంగొక్కటే తూగెను. పేరైన చెప్పక, రంగును చెప్పి ఊరకుండెను. వినువారికి అంత చాలునని ఆయనకు తెలియును. వీధిలో పోకిరివాడు “ఓరి నల్లవాడా” యని పిలిచినచో ఆ మాట వానితోనే పోవును. ప్రధానమంత్రి యొక యెన్నికను వ్యాఖ్యానించుచు అనినచో అది దొరతనమువారి సిద్ధాంతమగును. అప్పటికి భారతదేశమున ఇంగ్లీషు చదివిన ప్రతి యువకునికిని, మీరెంత చదివినను మా సభలో మీకు చోటు లేదని రాజముద్ర వేసి చెప్పినట్లాయెను.

ఇక ఫలితము వినుడు. మరునాటినుండి ఇంగ్లండు పత్రికలలో ఈ మాటయే చర్చయాయెను. లిబరలు కక్షవారు పట్టుకొనిరి. నౌరోజీ పేరు నంతవరకు వినని యూళ్లలోగూడ ఆయన యెవరని జనులడుగజొచ్చిరి. 1889 జనవరిలో లండనులోని నేషనల్ లిబరల్ క్లబ్బువారు ఆయనకు గౌరవార్థము విందు చేసిరి. సాలిస్‌బరీ ప్రభువు తాను తిరస్కారభావముతో ఆ మాట అనలేదని సమర్థించుకొనెను. కాని విల్లు విడిచిన బాణమునకు వ్యాఖ్యానమేమి చేయగలదు?

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. ఆనాడు దాదాభాయికి బాసటగా నిలిచినవారిలో కొందరు, నౌరోజీ సాలిస్‌బరీ ప్రభువుకంటె తెల్లగానున్నాడే యని పరిహాసము చేసిరి. పార్సీలు పచ్చని మేనివారు గనుక ఆ మాట నిజమే. సభలలో నవ్వులు పుట్టుటకు బాగుగ పనికివచ్చినది. అయినను, ఆలోచించి చూచినచో, ఆ పరిహాసము సాలిస్‌బరీ తక్కెడనే చేతబట్టుకొని తూచినట్లున్నది. ఆయన నిజముగా నల్లనివాడే యైనచో నేమి? అపుడు ప్రధానమంత్రి మాట ఒప్పగునా? అవమానింపబడినవాని పక్షమున వాదించుచుగూడ అవమానించినవాని కొలతనే అంగీకరించుట కద్దు. మనము మెలకువతో దాటవలసిన గోతులలో ఇది యొకటి.

దాదాభాయి బిరుసుమాటకు బిరుసుమాట బదులు చెప్పలేదు. ఆయన లెక్కల మాస్టరు. బదులు చెప్పుటకు వేరొక మార్గమెన్నుకొనెను. లండనులోనే సెంట్రల్ ఫిన్స్‌బరీ అను నియోజకవర్గమున తాను అభ్యర్థియై, అచ్చటి వోటరులను ఆశ్రయించెను. గడియారములు చేయు పనివారికి ప్రసిద్ధి జెందిన క్లెర్కెన్‌వెల్ పేట అందులోనిదే. తన కక్షవారిలోనే కొందరు మధ్యమధ్య ఆయనను తప్పింపజూచిరి. ఆయన చలింపలేదు. ఐరిషువారి స్వపరిపాలనమును, స్త్రీలకు వోటు హక్కును, పనివారి కోరికలను బలపరచుచు ఏండ్లకొలది ఆ వీధులలో తిరిగెను. 1892 జూలైలో ఎన్నిక జరిగెను. ఆయన గెలిచెను. ఆధిక్యము ఒకచేతి వ్రేళ్లతో లెక్కింపవచ్చును. నౌరోజీ యను పేరును “నారో మెజారిటీ” యని, అనగా ఇరుకు ఆధిక్యము గలవాడని, చమత్కారముగా త్రిప్పి పలికిరి. ఇరుకైననేమి? ఆ త్రోవనే ఆయన కామన్సుసభలో బ్రవేశించి, తన జరతుష్ట్ర మతగ్రంథము చేతబట్టి ప్రమాణము చేసెను.

సాలిస్‌బరీ మాటవలననే దాదాభాయి గెలిచెననుట అతిశయోక్తి. వోట్లు తెచ్చినది ఆయన నడచిన నడక. కాని ఆ నడకకు ముందు దారిపొడుగున ఆయన పేరును చాటినది ప్రధానమంత్రి మాటయే. ఇట్లు అవమానము అవమానితునికి దండోరాగా పరిణమించెను. మరి మూడేండ్లకు, 1895 యెన్నికలలో, దాదాభాయి ఓడిపోయెను. ఆ యెన్నికలలోనే మరియొక పార్సీ, మంచర్జీ భావనగరీ, బెత్నల్ గ్రీన్ అను లండను నియోజకవర్గమునుండి పార్లమెంటునకు ఎన్నుకొనబడెను. ఏ కక్ష పక్షమున? సాలిస్‌బరీ ప్రభువునకు చెందిన కన్సర్వేటివు కక్ష పక్షముననే! ఇంగ్లీషు నియోజకవర్గ మట్టివాని నెన్నుకొనదని చెప్పిన నాయకుడే ఏడేండ్లు తిరుగకమునుపే, అట్టివానిని తన కక్షనుండియే నిలిపి గెలిపించుకొనవలసి వచ్చెను. చరిత్ర విధించిన దండమిది. పణములతో పనిలేదు.

ఇక రెండవ కథ. ఇది మొదటిదానికంటె కటువైనది. ఏలయన, మొదటి మాట ఎన్నికల సభలో బుట్టినది. రెండవది సరస్వతీ మందిరమున బుట్టినది.

కర్జన్ ప్రభువు 1899 జనవరిలో రాజప్రతినిధియై వచ్చెను. ఆయన పండితుడు, కార్యశూరుడు. మన ప్రాచీన కట్టడములను కాపాడుటకు 1904లో శాసనము చేయించిన సంగతి మరువరాదు. కాని ఆ యేటనే ఆయన చేయించిన విశ్వవిద్యాలయముల చట్టమువలన చదువుల పెత్తనము దొరతనము చేతికి బోయెనని విద్యావంతులు నొచ్చుకొనియుండిరి. వంగదేశమును రెండుగా చీల్చు ఆలోచన 1903 డిసెంబరులోనే బయటపడి జనులను కలతపెట్టుచుండెను. ఇట్టి సమయమున, 1905 ఫిబ్రవరి 11వ తేదీని, కలకత్తా విశ్వవిద్యాలయ పట్టప్రదానోత్సవమున ఆయన ఛాన్సలరు హోదాలో పట్టభద్రుల కుపదేశము చేసెను. ఉపదేశవిషయము సత్యము. సత్యమునకు సంబంధించిన ఉన్నతాదర్శము చాలవరకు పాశ్చాత్యుల భావమనియు, పాశ్చాత్యుల నీతిలో సత్యము ఉన్నతస్థానమందిన పిమ్మటనే ప్రాచ్యదేశములలో అట్టి గౌరవము పొందెననియు, ప్రాచ్యదేశములలో ఎప్పుడును జిత్తులమారితనమునకు, రాయబారపు నేర్పునకు మన్నన యెక్కువ యనియు ఆ యుపదేశసారము.

పిల్లలకు పాఠములు చెప్పి బ్రతికినవాడను గనుక నాకిందు తోచు దోషము వేరు. గురుస్థానమున గూర్చున్నవాడు విద్యార్థికి నిజమాడుమని చెప్పవచ్చును. నీవు నిన్న అబద్ధమాడితివని ఒక పిల్లవానిని మందలింపవచ్చును. కాని, మీ తాతలనాటినుండి మీది అబద్ధాల జాతి యని తరగతినంతను అనినచో, అది ఉపదేశము కాదు. దిద్దుకొనుటకు దారి చూపినపుడే మందలింపు మందలింపగును. పుట్టుకయే తప్పని చెప్పినపుడు దిద్దుకొనుటకేమున్నది? పైగా ఆ పట్టభద్రులు లేచి బదులు చెప్పుటకు వీలులేని సభ అది. పట్టములిచ్చు చేయియే వారి పుట్టుకపై మచ్చ వేసెను.

మరి ఈ దేశపు సంప్రదాయమేమి? హరిశ్చంద్రుని కథ ఎరుగని పల్లె లేదు. అంతకంటె సూక్ష్మమైనది ధర్మరాజు కథ. ద్రోణవధకై అశ్వత్థామ హతుడని బిగ్గరగా బలికి, ఏనుగు మాటను మెల్లగా జారవిడిచిన క్షణమున, అంతవరకు నేలకు నాలుగంగుళముల యెత్తున నడచుచుండిన ఆయన రథము నేలకు దిగినదని మహాభారతము చెప్పుచున్నది. ఆ మాట పూర్తిగ అబద్ధము కాదు. అర్ధసత్యము. అర్ధసత్యమునకే అంత దండము విధించిన జాతికి సత్యమనగా నేమో పడమటివారు నేర్పిరనుట విన్నవారి మనస్సెట్లుండును?

సభ ముగిసినది. పట్టభద్రులు మౌనముగ ఇండ్లకు బోయిరి. సభలో నున్నవారిలో సోదరి నివేదిత యొకతె. ఆమె ఐర్లండున బుట్టి, వివేకానందస్వామికి శిష్యురాలై, కలకత్తాలో బాలికలకు పాఠశాల నడుపుచుండిన విదుషీమణి. కర్జన్ ప్రభువు 1894లో దూరప్రాచ్యదేశ సమస్యలనుగూర్చి ప్రకటించిన గ్రంథమును ఆమె యెరుగును. అందొక వృత్తాంతమున్నది. కర్జన్ కొరియా దేశమునకు బోయినపుడు అచ్చటి విదేశాంగశాఖ అధ్యక్షుని దర్శించెను. ఆ దేశమున వయస్సునకు గౌరవమెక్కువ గనుక ముప్పదిమూడేండ్లని చెప్పవద్దని యెవరో ముందుగా హెచ్చరించిరి. వయస్సెంతయని అధ్యక్షుడడుగగా కర్జన్ నలుబది యని చెప్పెను. అంత యున్నట్లు కానరారేయని ఆ వృద్ధుడాశ్చర్యపడగా, మీ రాజుగారి దేశపు దివ్యమైన గాలిలో నెలదినములు తిరుగుటవలన నిట్లున్నానని బదులిచ్చెను. ఇంగ్లండు రాణిగారికి మీరు దగ్గరి చుట్టమా యని అడుగగా, కానని నిజము చెప్పెనుగాని, అధ్యక్షుని ముఖమున చులకనభావము కనబడుటచే, నేనింకను అవివాహితుడనేయని చేర్చెను. రాణిగారి యింటికి అల్లుడు కాబోవునేమోయని ఆ వృద్ధుడు భ్రమించుటకు ఆ మాట చాలెను. ఈ సంగతులన్నియు ఎవరో శత్రువులు వ్రాసినవి కావు. తన నేర్పును మెచ్చుకొనుచు కర్జన్ ప్రభువే వ్రాసికొని అచ్చు వేయించినవి.

రెండు దినములకు, అనగా ఫిబ్రవరి 13వ తేదీని, అమృతబజార్ పత్రిక ఉపన్యాసములోని మాటలను, గ్రంథములోని యీ వృత్తాంతమును కలిపి ప్రకటించెను. వేరు వ్యాఖ్యానము లేకున్నను చాలును. కలకత్తా అంతయు చదివి నవ్వినది. ధర్మరాజు నోట వెలువడిన అర్ధసత్యమునకు రథము దిగినది. కర్జన్ ప్రభువు అర్ధసత్యమునకు, దానిని మించిన పూర్ణాసత్యమునకు, ఆయన గురుపీఠము దిగినది. అధికారికి ప్రజల కోపముకంటె ప్రజల నవ్వు భయంకరము. కోపమును లాఠీతో నణపవచ్చును. నవ్వు నణచుటకు ఆయుధము లేదు.

నవ్వుతో కథ ముగియలేదు. మార్చి నెలలో కలకత్తా టౌన్‌హాలులో రాసబిహారీ ఘోష్‌గారి యధ్యక్షతను గొప్ప నిరసనసభ జరిగెను. జూలైలో వంగవిభజన నిర్ణయము వెలువడెను. ఆగస్టు 7వ తేదీని అదే టౌన్‌హాలులో విదేశవస్త్ర బహిష్కారము నిశ్చయింపబడెను. అక్టోబరు 16వ తేదీని విభజన అమలులోనికి వచ్చెను. ఇందు తారతమ్యము గ్రహింపవలెను. విభజనకు మూలము ఆ యుపన్యాసము కాదు. అది అంతకుముందే తలపెట్టబడినది. కర్జన్ ప్రభువు రాజీనామాకును ఆ యుపన్యాసము కారణము కాదు. అది సేనాధిపతి కిచ్‌నరుతో వచ్చిన తగవువలన జరిగినది. మరి యా మాట చేసినదేమి? విభజన పాలనసౌకర్యము కొరకేయని దొరతనమువారు చెప్పినపుడు వినువారి విశ్వాసమును ఆ మాట ముందుగనే హరించివేసినది. మీరు అసత్యప్రియులని ఫిబ్రవరిలో అన్నవాడు, మీ మేలుకొరకే మీ దేశమును చీల్చుచున్నానని జూలైలో చెప్పినచో నమ్మువాడెవడు? పాలకుని మాటకు విలువ పోయిన పిమ్మట పాలకుని కాగితములకు విలువ యుండదు. విభజన 1911 డిసెంబరులో, ఢిల్లీ దర్బారునందు, రద్దయినది.

వంగదేశమున బుట్టిన ఆ వందేమాతర ధ్వని రెండేండ్లలో మన తీరమునకు వచ్చెను. 1907 ఏప్రిలులో బిపినచంద్రపాలుగారు విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరులలో ఉపన్యాసములిచ్చిరి. రాజమహేంద్రవరమున ఆ యుపన్యాసములను తెలుగుచేసి వినిపించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు. అచ్చటి విద్యార్థులు వందేమాతర ముద్రలు ధరించినందుకు శిక్షలు పొందిరి. ఉపాధ్యాయశిక్షణ కళాశాలనుండి వెడలగొట్టబడిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు పిమ్మట పత్రికాసంపాదకులై 1908లో చెరసాలకుగూడ బోయిరి. దొరతనపు కళాశాలల తలుపులు మూతపడుట చూచిన పెద్దలు స్వతంత్రమైన విద్యకై పూని, 1910లో బందరున ఆంధ్రజాతీయ కళాశాలను నెలకొల్పిరి.

అదే 1907 మే నెలాఖరున కాకినాడలో మరియొకటి జరిగెను. జిల్లా వైద్యాధికారి కెంప్ అను తెల్లదొర బండిలో పోవుచుండగా పిల్లలు వందేమాతరమనిరి. ఆయన బండి దిగి, కోపల్లె కృష్ణారావను బాలుని స్పృహ తప్పునట్లు కొట్టెను. వైద్యము చేయవలసిన చేతులవి. ఆ రాత్రి జనులు ఆగ్రహించి దొరల క్లబ్బుపై బడిరి. తరువాత పట్టణముపై అభియోగములు, శిక్షలు వచ్చిపడెను. ఎడింబరోలోని మాటకును, కాకినాడలోని దెబ్బకును త్రాడు కట్టి చూపుట నా యుద్దేశము కాదు. కాని పైమెట్టుననున్నవాడు ఒక జాతిని మాటతో చులకన చేయుటకు సంకోచింపనపుడు, క్రిందిమెట్టుననున్నవాడు చేతితో చులకన చేయుటకు సంకోచింపడు. వానికి ప్రత్యేకముగ ఉత్తరువు పంపనక్కరలేదు. పైవారి మాటతీరే ఉత్తరువగును.

శ్రోతలారా! ఈ కథలనుండి గ్రహింపదగినవి రెండు మూడు గలవు. అధికారస్థుని నోట స్వంతమాట యనునది లేదు. ఆయన కూర్చున్న పీఠమే ఆయనతోకూడ పలుకును. అందువలన “నా భావమది కాదు” అను సమర్థన ఆయనకు పనికిరాదు. వినువారు భావమును వినలేరు, మాటనే విందురు. రెండవది, అట్టి మాటకు బదులెట్లు చెప్పవలయుననునది. దాదాభాయి వోట్ల పెట్టెతో బదులు చెప్పెను. నివేదితాదేవి పుస్తకపుటతో బదులు చెప్పెను. ఈ రెండు సమాధానములును తిట్టినవానిని తిట్టలేదు. ఆ మాట అబద్ధమని నిరూపించినవి. కాకినాడ జనుల ఆగ్రహము అర్థము చేసికొనదగినదే. కాని దానివలన శిక్ష పడినది జనులకు. నిరూపణము ఆలస్యముగ ఫలించును; ఫలించినపుడు దానిని ఎవరును త్రిప్పివేయజాలరు.

మూడవది చెప్పుట కష్టము, అయినను చెప్పవలెను. మొదట నేను పొగడిన ఆ వాక్పారుష్య ప్రకరణముననే మరియొక లెక్కగూడ నున్నది. క్రిందివర్ణమువాడు పైవర్ణమువానిని నిందించినచో దండము మెట్టు మెట్టునకు హెచ్చును. పైవాడు క్రిందివానిని నిందించినచో మెట్టు మెట్టునకు తగ్గును. గాయమును తూచిన ఆ తక్కెడయే మనిషిని బట్టి రాళ్లు మార్చెను. సాలిస్‌బరీ చర్మపు రంగుతో తూచెనని నొచ్చుకొను మనము, మన యూరి కచేరీలో, మన బడిలో, మన రచ్చబండపైన కులమునుబట్టి, యాసనుబట్టి, మేనిచాయనుబట్టి ఎన్ని మాటలు జారవిడుచుచున్నామో లెక్కించుకొనవలెను. నేడు పీఠములపై గూర్చున్నవారు మనవారే. నేడును ఏ దేశమునందైనను అధికారులు నోరు జారుట మానలేదు. మనవారు పరదేశమున అట్టి మాట పడినపుడు మనకు కలుగు నొప్పియే, మన నోటినుండి ఆ మాట వచ్చినపుడు ఎదుటివానికిని కలుగును. ఆ నొప్పికి వర్ణభేదము లేదు.

సాలిస్‌బరీ ప్రభువు మూడు పర్యాయములు ప్రధానమంత్రియైనవాడు. ఆయన చేసిన సంధులు, నడపిన రాజ్యతంత్రములు పెద్ద గ్రంథములకు చాలును. కాని భారతదేశ చరిత్రను చదువు మన బాలునికి ఆయన పేరు తటస్థపడునది సాధారణముగ ఆ ఒక్కమాటవద్దనే. దాదాభాయి 1917లో పరమపదించునాటికి దేశమంతయు ఆయనను వృద్ధపితామహుడని కొలుచుచుండెను. ఏలినవారి నోటిమాటకు పణములు కట్టించు న్యాయాధిపతి ఆనాడు లేకపోయెను. అయితే ఆ మాటను విన్నవారు మరువలేదు, వ్రాసినవారు చెరిపివేయలేదు. చరిత్ర వసూలు చేయు దండమది.